అందరితో పాటే తెలియాలి

బధిరులైన సహోద్యోగులతో ఎలా మెలగాలన్న విషయం మీద మన కార్యాలయాల్లో అప్పుడప్పుడు జరిగే శిక్షణ తరగతుల్లో చెప్పేదంతా మర్యాదకు సంబంధించినదే. ముఖం చూసి మాట్లాడండి, అరవకండి, జాలి చూపకండి, నాలుగు సైగలు నేర్చుకోండి అంటారు. వీటిలో తప్పుపట్టవలసినది ఏదీ లేదు. అయితే వీటన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించే ఆఫీసులో కూడా బధిర ఉద్యోగి రోజంతా చిన్నబుచ్చుకుంటూనే ఉండవచ్చు. ఎందుకంటే, నా దృష్టిలో అసలు గౌరవం మాట తీరులో కన్నా మాట అందే వేళలో ఉంటుంది. పక్క కుర్చీలోని మనిషికి ఒక సంగతి ఎప్పుడు తెలిసిందో నాకూ అప్పుడే తెలియాలి. సాయంత్రం తెలిసినా, మర్నాడు తెలిసినా, ఎవరికో గుర్తొచ్చినప్పుడు తెలిసినా, దాన్ని ఎంత చిరునవ్వుతో చెప్పినా సరే, నన్ను ఆ పనిలో భాగస్వామిగా లెక్కించలేదనే అర్థం.

ఈ మాట అనడానికి నాకున్న ఆధారం నా ఉద్యోగమే. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో నాకు మామూలుగానే వినబడేది. ముప్పై దాటాక వినికిడి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు చెవిలో మెషిన్ పెట్టుకున్నా సరే, ఎదుటివారి పెదవులు కనబడకపోతే మాట బోధపడని స్థితికి చేరింది. అంటే, చేసే పని మారకుండా వినికిడి మాత్రమే మారిన మనిషిని నేను. వినబడే రోజుల్లో నాకు తెలిసినవన్నీ ఎక్కడినుంచి తెలిశాయో, అవి రావడం ఆగిపోయాక గానీ నేను గమనించలేదు.

మేనేజరు పిలిచి కూర్చోబెట్టి చెప్పినవి వాటిలో చాలా తక్కువ. ఆడిటర్లు వచ్చే వారం కాక ఈ వారమే వస్తున్నారని తెలిసింది పక్క బల్ల మీద ఫోను సంభాషణ వల్ల. ఫలానా సరఫరాదారు బిల్లుల విషయంలో పేచీ నడుస్తోందని తెలిసింది టీ దగ్గర. కొత్తగా వచ్చిన జనరల్ మేనేజరుకు ఎక్సెల్ షీటులో రంగులు వేస్తే ఒళ్ళు మంట అని తెలిసింది లిఫ్టులో. ఇలా చెవిన పడిన ముక్కలను కూడగట్టుకునే మనిషి పని తెలిసినవాడనీ, చురుకైనవాడనీ పేరు తెచ్చుకుంటాడు. చెవిన పడే దారి మూసుకుపోయిన రోజున అదే మనిషిని కాస్త మందకొడి అనడం మొదలవుతుంది. నా బుర్రలో ఏ మార్పూ రాలేదు, నాకు చేరే సమాచారమే తగ్గింది.

మా విభాగంలోనే పుట్టుకతో బధిరురాలైన ఒక సహోద్యోగిని ఉన్నారు. వోచర్లు ఎక్కించడంలో ఆమె వేగం, కచ్చితత్వం మా అందరికీ తెలుసు. ఒకసారి లారీ కిరాయి బిల్లులను పాత ఖర్చుల ఖాతాలో కాకుండా వేరే లెడ్జరులో వేయాలని నిర్ణయమైంది. కారణం సబబైనదే. రవాణా ఏజెన్సీలకు ఇచ్చే కిరాయిల మీద చాలా సందర్భాల్లో రివర్స్ చార్జ్ పద్ధతిలో, అంటే ఏజెన్సీకి బదులుగా, జీఎస్టీ మేమే కట్టాలి కనుక, వాటిని విడిగా ఉంచితే ఇరవయ్యో తారీఖున రిటర్ను వేసేటప్పుడు వెతుకులాట ఉండదు. ఈ నిర్ణయం మేనేజరు సీటు దగ్గర నలుగురు నిలబడి మాట్లాడుకుంటుండగా జరిగింది. ఆ నలుగురి నుంచి మిగతావారికి గాలిలో పాకింది. ఆమెకు పాకలేదు, నాకూ పాకలేదు. నేను లారీ బిల్లులు చూడను కనుక బయటపడ్డాను. ఆమె మాత్రం ఆ వారం వచ్చిన కిరాయి బిల్లులన్నిటినీ పాత ఖాతాలోనే వేశారు. నెలాఖరు సరిచూసుకునే వేళ అది బయటపడినప్పుడు ఆమెకు ఎదురైన ప్రశ్న, "చెప్పాం కదా, చూసుకోవద్దా?" అని. ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పారన్న దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ తర్వాత ఆమె వోచర్లను ఇంకొకరు తనిఖీ చేయాలన్న నియమం పెట్టారు గానీ, లెడ్జరు మార్పులను రాతపూర్వకంగా పంపాలన్న నియమం మాత్రం పెట్టలేదు. జబ్బు ఒకచోట, మందు ఇంకొకచోట.

అక్కడ ఆమెతో ఎవరూ అమర్యాదగా ప్రవర్తించలేదన్నది గమనించాలి. అందరూ ఆమెను చూసి నవ్వేవారే, పండక్కి మిఠాయి పెట్టేవారే. ఆమెకు కావలసింది రెండు వరుసల ఈమెయిల్. దాన్ని పంపడానికి పట్టే సమయం ఆ నలుగురూ టీ తాగడానికి పట్టిన సమయంలో పదో వంతు కూడా ఉండదు.

పెదవులు చదవడం గురించి వినికిడి ఉన్నవారికి ఒక భ్రమ ఉంది. "లిప్ రీడింగ్ చేస్తారుగా" అని ధీమాగా అంటారు, కళ్ళద్దాలు పెట్టుకుంటే అక్షరాలు కనబడినట్టు పెదవులు చూస్తే మాటలు వినబడతాయని వారి నమ్మకం. తెలుగులో ఈ పని ఎలా ఉంటుందో చూడాలంటే అద్దం ముందు నిలబడి, గొంతు పెగల్చకుండా, పాట, బాట, మాట అని వరుసగా అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కలుసుకుని ఒకేలా విడిపోతాయి. ప, బ, మ ల మధ్య తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది తప్ప పెదవుల మీద లేదు. క, గ లైతే నోటి వెనక భాగంలో ఎక్కడో పుడతాయి, బయటికి కనబడనే కనబడవు. త, ద, న లు ఒకదానికొకటి కవలలు. అందుచేత పెదవులు చూసి అర్థం చేసుకోవడమన్నది చాలావరకు ఊహే. కనబడిన పిసరంత నుంచి, సందర్భాన్ని బట్టి, మనిషిని బట్టి మిగతాది పూరించుకుంటాము. సందర్భం ముందుగా తెలిస్తే ఊహ నిలబడుతుంది, తెలియకపోతే కూలిపోతుంది. "జీతాల బిల్లు గురించి" అని ముందు ఒక్క మాట అని, ఆ తర్వాత అసలు విషయం మొదలుపెట్టే సహోద్యోగి నాకు చేసే మేలు, గట్టిగా అరిచే పదిమంది కలిసి చేయలేరు. అరవడం వల్ల జరిగేదల్లా పెదవుల ఆకారం చెడిపోవడం, చెవిలో మెషిన్ ఉంటే ఆ మోత తలలో మారుమోగడం, ఆఫీసంతా మా వైపు తిరిగి చూడడం.

తెలుగు వాక్యంలో మరో చిక్కు ఉంది. మనకు క్రియ చివర వస్తుంది, అవునో కాదో తేలేది ఆ చివరనే. "ఈ బిల్లును ఈ నెలలోనే పాస్" వరకు వచ్చాక, "చేద్దాం" అన్నారా, "చేయొద్దు" అన్నారా అన్నదే అసలు సంగతి. కానీ మన మాటతీరులో గొంతు తగ్గేదీ, తల పక్కకు తిరిగేదీ, చెయ్యి నోటికి అడ్డం వచ్చేదీ, సరిగ్గా ఆ చివరి ముక్క దగ్గరే. వాక్యం మొత్తం నా ముఖం చూసి చెప్పి, క్రియ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు వైపు తిరిగిపోతారు. నాకు బిల్లు తెలిసింది, నెల తెలిసింది, ఏం చేయాలో తెలియలేదు. పైగా మనం అవుననడానికి కూడా తలను ఇటూ అటూ ఊపుతాము. దాన్ని కాదనుకోవాలా ఔననుకోవాలా అన్నది ఆ మనిషితో ఎంతో కొంత పరిచయం ఉంటే తప్ప తేల్చుకోలేము. ఇక కిళ్ళీ నములుతూ మాట్లాడేవారి గురించీ, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం వల్ల ముఖం నల్లని నీడలా మాత్రమే కనబడే అధికారుల గురించీ విడిగా రాయనవసరం లేదు. 2020లో అందరి మూతికీ మాస్కు పడినప్పుడు మాలాంటివారికి కార్యాలయం మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. ఆ రోజుల్లో ప్రతి చిన్న సంగతీ వాట్సాప్‌లో రాయడం అలవాటైంది, అదొక్కటే లాభం. మాస్కులు పోగానే ఆ అలవాటూ పోయింది.

ఇంతవరకు చెప్పింది నా అవసరం. మా సహోద్యోగిని అవసరం వేరు. నాకు తెలుగు చెవి ద్వారా వచ్చింది కనుక, చెవి పోయినా భాష మిగిలింది. రాసిస్తే చాలు, హాయిగా చదువుకుంటాను. ఆమె మొదటి భాష భారతీయ సంజ్ఞా భాష. దానికి తనదైన వ్యాకరణం ఉంది. కాలం సూచించే సంజ్ఞ ముందు వస్తుంది, ప్రశ్న పదం చివర వస్తుంది, కనుబొమలు లేచాయా ముడిపడ్డాయా అన్నదానిలోనూ వ్యాకరణమే ఉంటుంది. అది చేతులతో చెప్పే తెలుగు కాదు కనుక, తెలుగు విభక్తులు ఆమెకు పుస్తకంలో నేర్చుకున్న పరాయి భాష విభక్తులే. ఆమె రాసే ఈమెయిల్‌లో "నాకు" ఉండవలసిన చోట "నేను" ఉంటుంది. దాన్ని చూసి తెలివితేటల మీద తీర్పు ఇచ్చేవారు, తాము హిందీలో పది వాక్యాలు రాసి లింగ దోషాలు లెక్కపెట్టుకుంటే మంచిది.

ఈ పరిస్థితికి చరిత్ర ఉంది. 1880లో మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ, బడుల్లో సంజ్ఞా భాషను పక్కనపెట్టి నోటిమాటనే నేర్పాలని తీర్మానించింది. దాని ప్రభావం దేశదేశాలకూ పాకింది. పిల్లలు తమకు వినబడని ధ్వనులను పలకడానికే ఏళ్ళకు ఏళ్ళు ఖర్చుచేశారు, చదువుకు మిగలవలసిన కాలం అలా కరిగిపోయింది. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో ఏర్పడింది 2015లో. అది తయారుచేసిన నిఘంటువు 2018లో మూడు వేల పదాలతో మొదలై, 2021 నాటికి పది వేలకు చేరింది. అంటే, ఈవేళ ఆఫీసుల్లో పనిచేస్తున్న మధ్య వయస్కులైన బధిరులు తమ భాషకు ప్రభుత్వపు గుర్తింపు అన్నదే సరిగా లేని రోజుల్లో చదువుకున్నవారు. వారి రాతలోని తప్పులకు వారు బాధ్యులు కారు.

రాతపూర్వకంగా చెప్పండి అని నేనంటే కొందరు వెంటనే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసి పంపుతారు. నాకు పరవాలేదు. కానీ అటువంటి రాతను మనం ఎలా చదువుతామో ఆలోచించండి. లోపల పలుకుకుంటూ, ఆ ధ్వని నుంచి మాటను పట్టుకుంటాము. "చెయ్యండి" అన్న ఒక్క మాటనే నలుగురు నాలుగు రకాల స్పెల్లింగులతో రాసినా మనకు ఇబ్బంది లేకపోవడానికి కారణం ఆ ధ్వని తెలిసి ఉండడమే. ఆ ధ్వని ఎన్నడూ వినని మనిషికి అవి నాలుగు వేర్వేరు మాటలు, ఏ నిఘంటువులోనూ దొరకని మాటలు. ఆమెకు తెలుగు లిపిలో తెలుగు కావాలి, లేదా సరైన ఇంగ్లిషు కావాలి, అదీ పొట్టి వాక్యాలలో, ఒక వాక్యానికి ఒక సంగతి చొప్పున. వాయిస్ మెసేజ్‌ల సంగతి సరేసరి. బధిరులున్న గ్రూపులో ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టడం, వారి ఎదురుగా నిలబడి మిగతావారి చెవిలో గుసగుసలాడడంతో సమానం.

ఒకే గదిలో ఉన్న ఇద్దరు బధిరులకే అవసరాలు ఇంత వేరుగా ఉన్నప్పుడు, అందరికీ పనికివచ్చే పట్టిక ఒకటి తయారుచేసి గోడకు అంటించడం వల్ల ప్రయోజనం తక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, మాట వినబడే ధ్వని తరంగాలలో రెండు చెవులకూ 70 డెసిబెళ్ళ లోపం ఉంటే బధిరులనీ, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి లోపం ఉన్నవారనీ విభజిస్తుంది. సర్టిఫికెట్టుకు ఆ అంకె అవసరమే. కానీ ఆ అంకెను చూసి ఈ మనిషికి సంజ్ఞా భాష కావాలా, రాత కావాలా, పెదవులు కనబడితే చాలా అన్నది ఎవరూ చెప్పలేరు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వ్రాయసకాడి సాయం కోరిన ఒక సివిల్ సర్వీసెస్ అభ్యర్థి విషయమై తీర్పు ఇస్తూ, ఇటువంటి సర్దుబాట్లు ఆయా వ్యక్తి అవసరాన్ని బట్టి ఉండాలని చెప్పింది. ఆ అవసరమేమిటో తెలుసుకోవాలంటే ఉన్న దారి అడగడమే. ఉద్యోగంలో చేరిన రోజున, "మీకు విషయాలు ఎలా చేరితే వీలుగా ఉంటుంది?" అని రాసి చూపిస్తే, ఎవరైనా రెండు నిమిషాలలో చెబుతారు. నన్ను ఆ ప్రశ్న అడిగిన అధికారులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మీటింగుల దగ్గరికి వస్తే, అక్కడ మర్యాద కన్నా ఏర్పాటు ముఖ్యం. ఆరుగురు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ మాట్లాడే చోట, ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో నేను వెతికి పట్టుకునేసరికి ఆ వాక్యం అయిపోయి ఉంటుంది. మాట్లాడబోయేవారు చెయ్యి ఎత్తి, మిగతావారు ఆగితే ఆ సమస్య తీరుతుంది. తెర మీద స్లయిడు వేసి దాన్ని చూపిస్తూ మాట్లాడడం మరో చిక్కు. నాకు ఉన్నవి రెండు కళ్ళే, అవి అంకెలనూ మాట్లాడేవారి పెదవులనూ ఒకేసారి చూడలేవు. స్లయిడు వేశాక చదువుకోవడానికి కాసేపు ఆగి, తర్వాత మాట్లాడాలి. కళ్ళు పెదవుల మీద ఉంచి నోట్సు రాసుకోవడమూ కుదరదు కనుక, ఎవరో ఒకరు రాసి, మీటింగు ముగిసిన వెంటనే అందరికీ పంపాలి. అందరికీ అన్నమాట గట్టిగా అంటున్నాను, ఎందుకంటే నా ఒక్కడికోసం రాసే నోట్సు రెండో వారానికి ఆగిపోతుంది, అందరికీ పంపేది నిలుస్తుంది. రోజంతా పెదవులు చదివినవారికి సాయంత్రానికి కళ్ళూ తలా ఒకేసారి పట్టేస్తాయి. గంటన్నర సాగే మీటింగులో మధ్య ఐదు నిమిషాల విరామం అడిగితే దాన్ని సోమరితనంగా చూడకూడదు.

ఫోన్లలో, కంప్యూటర్లలో మాటను అక్షరాలుగా మార్చి చూపించే సదుపాయాలు వచ్చాక పని కొంత తేలికైన మాట నిజం. గూగుల్ వారి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగును కూడా రాసి చూపిస్తుంది. ఒకరే, నెమ్మదిగా, ఫోనుకు దగ్గరగా మాట్లాడితే బాగానే పనిచేస్తుంది. కానీ మన ఆఫీసు భాష తెలుగూ కాదు, ఇంగ్లిషూ కాదు. "ఆ వెండరుకి అడ్వాన్స్ రిలీజ్ చేసేసి, బ్యాలెన్స్ హోల్డులో పెట్టమన్నారు" అన్న వాక్యాన్ని ఇంగ్లిషుకు అమర్చిన క్యాప్షన్లకు వినిపిస్తే, ఇంగ్లిషు ముక్కలు ఐదూ తెర మీదికి వచ్చి, చేయమన్నారో పెట్టమన్నారో చెప్పే తెలుగు ముక్కలన్నీ పిచ్చిరాతలుగా మారతాయి. మళ్ళీ క్రియే పోయింది. క్యాప్షన్లు ఆన్ చేశాము కనుక మా బాధ్యత తీరిందనుకునేవారు ఒకసారి ధ్వని పూర్తిగా ఆపేసి, ఆ అక్షరాలను మాత్రమే చూస్తూ పదిహేను నిమిషాలు కూర్చోవాలి.

సంజ్ఞా భాష వాడేవారికి ముఖ్యమైన సమావేశంలో ఇంటర్‌ప్రెటర్ తప్పదు. 2023 సెప్టెంబరులో బెంగళూరుకు చెందిన బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టు ఆన్‌లైన్ విచారణకు హాజరైనప్పుడు, కోర్టులో జరుగుతున్నదంతా ఇంటర్‌ప్రెటర్ సౌరవ్ రాయ్‌చౌదురి ఆమెకు సంజ్ఞలలో చెప్పడానికి అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అనుమతించారు. మరుసటి నెలలో కోర్టే ఆమె కోసం ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేసింది. సుప్రీంకోర్టులో వాదనలు ఆగకుండా సాగగలిగినప్పుడు, మా నెలవారీ సమీక్షా సమావేశం ఇంటర్‌ప్రెటర్ ఉంటే సాగదని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది. ఇంటర్‌ప్రెటర్ వచ్చినప్పుడు మనవారు చేసే పొరపాటు ఒకటుంది. ప్రశ్న బధిర ఉద్యోగికి, చూపు ఇంటర్‌ప్రెటర్‌కు. "ఈ రిపోర్టు ఎప్పటికవుతుందో ఆవిడను అడగండి" అంటారు. ఆవిడ ఎదురుగానే ఉన్నారు. "మీ రిపోర్టు ఎప్పటికవుతుంది?" అని ఆమెనే చూస్తూ అడగాలి, చేతులు కదిలించే పని ఇంటర్‌ప్రెటర్ చూసుకుంటారు.

ఇదే ధోరణి పిలుపుల్లోనూ కనబడుతుంది. మన ఆఫీసుల్లో ప్యూన్‌తో మొదలుకొని అందరినీ "గారు", "మేడమ్", "అన్నా" అనే పిలుచుకుంటాము. అటువంటి చోట, ఇద్దరు పిల్లల తల్లి అయిన మా సహోద్యోగిని మాత్రం "పాపం ఆ పిల్ల" అవుతుంది. వినబడదన్న ధైర్యంతో ఆమె ముందే ఆమె గురించి ఏకవచనంలో మాట్లాడతారు. చూపులు తన మీద పడి, వెంటనే పక్కకు తప్పుకున్నాయంటే మాట తన గురించేనని ఆమెకు తెలుసు. పొగడ్త కూడా ఇందుకు తీసిపోదు. వోచర్లు తప్పుల్లేకుండా వేసినందుకు మాలో ఎవరికీ చప్పట్లు కొట్టరు, ఆమెకు కొడతారు. సెప్టెంబరు 23న అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం నాడు ఆమెను ముందు నిలబెట్టి, అందరూ "నమస్తే", "థాంక్యూ" సంజ్ఞలు చేస్తూ వీడియో తీసుకుంటారు. నేర్చుకున్నందుకు సంతోషమే, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెతో నాలుగు ముక్కలు మాట్లాడడానికి పనికివస్తాయి. కానీ 24న ఆ భోజనాల బల్ల దగ్గర అందరూ పగలబడి నవ్వుతున్నప్పుడు, ఏమిటని ఆమె కనుబొమలెత్తి అడిగితే వచ్చే జవాబు, "ఏం లేదులే, తర్వాత చెప్తా". ఆ తర్వాత అన్నది రాదు.

దృష్టిని ఆకర్షించే పద్ధతి గురించి కూడా ఒక మాట. వెనక నుంచి వచ్చి భుజం మీద చరిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. బధిరుల మధ్య భుజం మీద తేలికగా తట్టడం మామూలే అయినా, మన ఆఫీసుల్లో ఆడవారిని తట్టి పిలవడం మగవారికి సాధ్యపడదు కనుక, కళ్ళకు అందేలా చెయ్యి ఊపడం, బల్లను మెల్లగా తట్టడం చాలు. కాగితం ముక్కలు, రబ్బర్లు విసరడం మానాలి. ఇది రాయవలసి రావడం సిగ్గుచేటే గానీ, నేను చూశాను.

ఇక బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. ప్రతి విభాగంలోనూ ఒక మంచి మనిషి ఉంటారు. వారు ఓపికగా రాసి చూపిస్తారు, మీటింగులో పక్కన కూర్చుని క్లుప్తంగా చెబుతారు. మిగతావారందరూ ఆ మనిషి మీద భారం వేసి చేతులు దులుపుకుంటారు. గంట సేపు సాగిన చర్చ, "బడ్జెట్ తగ్గించారట" అన్న రెండు ముక్కలుగా మా దగ్గరికి చేరుతుంది. ఆ మంచి మనిషి సెలవు పెట్టిన రోజున మాకు అదీ లేదు. పైగా వారికి వారి పని ఉంటుంది. జీతం పెంపు, సెలవులు, ఆరోగ్యం వంటి సొంత విషయాలు అధికారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు సహోద్యోగిని మధ్యవర్తిగా కూర్చోబెట్టడం ఎవరి గోప్యతకూ మంచిది కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రతి సంస్థా సమానావకాశాల విధానాన్ని ప్రకటించాలి. 2017 నాటి నియమాల ప్రకారం ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు ఆ విధానంలో సహాయక పరికరాల వంటి ఏర్పాట్లనూ, ఇందుకోసం నియమించే లయజాన్ (అనుసంధాన) అధికారి వివరాలనూ చేర్చాలి. అంటే చట్టం ఈ పనిని మంచి మనుషుల ఓపికకు వదిలేయలేదు, సంస్థ నెత్తిన పెట్టింది. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు ఎక్కువన్న వాదన నేను అకౌంట్స్‌లో కూర్చుని వింటాను, అదే నెలలో హోటల్ విందుల బిల్లులు కూడా పాస్ చేస్తాను. అర్హులైన ఇంటర్‌ప్రెటర్లు మన దేశంలో తక్కువన్నది మాత్రం నిజమైన ఇబ్బందే, అందుకని తేదీలు ముందుగా ఖాయం చేసుకోవాలి.

ఈ విషయం రాబోయే ఏళ్ళలో మన రాష్ట్రాల్లో ఇంకా ముందుకు వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఎందరో చిన్నపిల్లలకు ఉచితంగా కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ తొలి పిల్లలు ఇప్పుడు డిగ్రీలు పూర్తిచేసి ఉద్యోగాలకు వస్తున్న వయసులో ఉన్నారు. వారిలో చాలామంది చక్కగా మాట్లాడతారు. అదే వారికి ఇబ్బంది తెస్తుంది. చక్కగా మాట్లాడే మనిషికి చక్కగా వినబడుతుందని ఎదుటివారు అనుకుంటారు. ఇంప్లాంటు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు ఎంతో మేలు చేస్తుంది. ఏసీ మోత, పక్క బల్లల కబుర్లు, ఒకేసారి ముగ్గురి మాటలు కలిసిన హాలులో అంత సాయపడదు. మూడోసారి "మళ్ళీ చెప్పండి" అనడానికి మొహమాటపడి, అర్థమైనట్టు తల ఊపేస్తారు. నేనూ ఊపుతాను. కనుక "అర్థమైందా?" అన్న ప్రశ్న మాలాంటివారి దగ్గర పనికిరాదు. "అయితే ముందు దేనితో మొదలుపెడతారు?" అని అడిగితే, అర్థమైందో లేదో అడిగినవారికే తెలిసిపోతుంది.

మా సంస్థ వార్షిక మదింపు పత్రంలో "కమ్యూనికేషన్ నైపుణ్యం" అని ఒక గడి ఉంది. మా సహోద్యోగినికి ఏటా అందులో పడేది "సాధారణం". నాకు వినబడే రోజుల్లో "చాలా బాగుంది" అని పడేది, ఇప్పుడు నాకూ "సాధారణమే". ఈమెయిళ్ళకు ఆమె జవాబివ్వని రోజు లేదు, పంపిన ప్రతి లెక్కకూ వివరణ జతచేయని రోజు లేదు. నోటిమాటగా నిర్ణయాలు చేసి, ఎవరికీ రాసి పంపని అధికారికి అదే గడిలో ఏం పడుతుందో నాకు తెలియనిది కాదు, ఆ పత్రాలను బట్టే బోనసు లెక్కలు వేసేది మా విభాగమే. ఈ ఏడాది మదింపుకు ముందు మేమిద్దరం కలిసి హెచ్‌ఆర్‌కు ఒక ఉత్తరం ఇచ్చాము. ఆ గడిలో మార్కులు వేసే ముందు, ఆ ఉద్యోగికి సమాచారం ఏ రూపంలో, ఎవరు, ఎప్పుడు అందించారో అధికారి రాయడానికి పక్కనే మరో గడి పెట్టమని కోరాము. పరిశీలిస్తున్నామని చెప్పారు, నోటిమాటగా. రాసి ఇవ్వమని అడిగాము.